పరుపు పొట్టలో ఏముంది

జిన్నింగు మిల్లు గేటు దగ్గర పత్తి లోడు ఆగగానే కొనేవాడి చెయ్యి మోచేతిదాకా బోరెంలోకి పోతుంది. పైన కనిపించే తెల్లటి పత్తిని అతను నమ్మడు. అడుగునుంచి గుప్పెడు తీసి, వేళ్ల మధ్య పట్టి పోగు లాగి, ఎంత పొడవుందో చూస్తాడు. కాయ తొక్కు, ఎండుటాకు ఎంత కలిసిందో చూస్తాడు. ఆ తర్వాత తేమ. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో 8 శాతం తేమ ఉంటే పూర్తి మద్దతు ధర. అంతకు పైన ధరలో కోత. 12 దాటితే సరుకు వెనక్కి. గుంటూరు మిర్చి యార్డులోనూ ఇదే తంతు. టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి, కాయ విరిచి, నలిపి, రంగు చూశాకే ధర మాట ఎత్తుతారు.

ఇంత పరీక్షకు నిలిచే సరుకు పండించే ఇల్లు, మిర్చి డబ్బు చేతికొచ్చాక, అమ్మాయి సారెలోకి పరుపు కొనడానికి గుంటూరో ఒంగోలో నరసరావుపేటో వెళ్తుంది. కొట్లో పై గుడ్డ మీది పూలు చూస్తారు. అంచున కూర్చుని రెండుసార్లు ఊగుతారు. బేరమాడి, ప్లాస్టిక్ కవరుతో సహా ఆటో ఎక్కిస్తారు. లోపల ఏముందని అడిగేవాళ్లు తక్కువ. రోజుకు ఏడెనిమిది గంటలు వీపు కింద ఉండే వస్తువు అది. ఇంట్లో ఏ కుర్చీకీ, ఏ బీరువాకీ అంత పని లేదు.

గుంటూరు, ఒంగోలు ప్రాంతం పత్తి నేల కనుక దూది పరుపుతోనే మొదలుపెట్టడం న్యాయం. ఒక్కరు పడుకునే మూడడుగుల పరుపులో పన్నెండు కిలోల దూది పట్టిందనుకుందాం. క్వింటా పత్తిలో గింజ పోగా మిగిలే దూది మూడో వంతు, మహా అయితే ఇంకాస్త. అంటే ఆ ఒక్క పరుపు వెనక సుమారు 35 కిలోల పత్తి ఉండాలి. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ లెక్కన పత్తి విలువే 2,800 దాటుతుంది. గింజ నూనె మిల్లుకు పోయి కొంత తిరిగి ఇచ్చేమాట నిజమే. కానీ జిన్నింగు, ఏకుడు, గుడ్డ, కుట్టుకూలి ఇంకా కలపనే లేదు.

అందుకే పొడుగు పింజ పరుపుల్లోకి రాదు, రానక్కర్లేదు కూడా. అది నూలుకు పోతుంది. చిలకలూరిపేట, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లులు ఉన్నది దానికోసమే. పరుపులోకి వచ్చేది పొట్టి పోగు, ముఖ్యంగా మిల్లుల్లో దువ్వేటప్పుడు వేరుపడేది. దారం తీయడానికి పనికిరాకపోయినా వీపు కింద అది బాగానే పనిచేస్తుంది, శుభ్రంగా ఉంటే చాలు. అసలు తప్పు వేరే చోట ఉంది. చిరుగు బట్టలు, దర్జీ కత్తిరింపులు మిషన్లో వేసి పీచు చేసి, ‘మొత్తం దూదే’ అని చెప్పి అమ్మడం తప్పు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. అంచు కుట్టు రెండంగుళాలు విప్పించి చిటికెడు బయటికి తీస్తే రంగురంగుల దారప్పోగులు కనిపిస్తాయి. ఇంకా అనుమానముంటే ఆ చిటికెడును ఆరుబయట కాల్చి చూడొచ్చు. దూది అయితే కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కలిస్తే కరిగి గట్టి పూస కడుతుంది.

ఎదుట ఏకించి, ఎదుట నింపించి కుట్టించుకుంటే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. ఈ జిల్లాల్లో తరతరాలుగా ఆ పని చేసింది దూదేకులవాళ్లు. నూర్‌బాషాలని, పింజారులని కూడా అంటారు. మతం ఇస్లాం, ఇంట్లో మాట తెలుగు. పైనుంచి వేలాడదీసిన పెద్ద విల్లు నారిమీద చెక్క గుండుతో కొడుతుంటే, అదిరే నారికి తగులుకున్న దూది పొరలు పొరలుగా విడిపోయి పొంగేది. ఆ మోత వినపడితే వీధిలో ఎవరింట్లోనో పరుపు కుడుతున్నారని అందరికీ తెలిసేది. బుర్రకథకు పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టింది దూదేకుల ఇంట్లోనే. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి ఆత్మకథ పేరు ‘పింజారి’. తెలుగునాట తిట్టుగా వాడే మాటను ఆయన జీవితకథ అట్ట మీద తలెత్తుకుని నిలబెట్టింది. ఊరందరి పక్కనూ మెత్తబరిచిన పని పేరు తిట్టెలా అయిందో, ఆ మాట ఇంకా నోటికి ఎలా వస్తోందో తెలుగువాళ్లు ఆలోచించవలసిన సంగతే.

విల్లు ఇప్పుడు కనిపించడం అరుదు. దాని చోటికి ఏకే మిషను వచ్చింది. కొన్నిచోట్ల అది ఆటో ట్రాలీ ఎక్కి గడప ముందుకే వస్తుంది. దూది పరుపుకున్న అసలు లాభం ఈ ఏకుడే. నాలుగేళ్లు వాడాక దూది అణిగి గడ్డలు కడుతుంది, నడుము దగ్గర పల్లం పడుతుంది. అప్పుడు విప్పి, ఎండబెట్టి, మళ్లీ ఏకించి, తరుగు పడినచోట రెండు కిలోలు కలిపి కొత్త గుడ్డలో కుట్టిస్తే పరుపు మళ్లీ లేచి కూర్చుంటుంది. గుంత పడిన ఫోమ్‌కు అలాంటి రెండో పుట్టుక లేదు. కాబట్టి కొన్న ధర కన్నా ఏటికి ఎంత పడుతుందన్న లెక్క ముఖ్యం. ఆరు వేల పరుపు మూడేళ్లకు పాడైతే ఏటికి రెండు వేలు. తొమ్మిది వేలది తొమ్మిదేళ్లు నిలిస్తే ఏటికి వెయ్యి.

అలాగని దూది పరుపు అన్ని ఇళ్లకూ సరిపోదు. అది బరువు. డబుల్ కాట్ పరుపును తిరగేయాలన్నా, డాబా మీదికి ఎక్కించాలన్నా ఇద్దరు కావాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఆ పని జరగదు, జరగకపోతే పరుపు పాడవుతుంది. తడిసినా కష్టమే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి ముసురులో నీళ్లు పీల్చిన దూది పరుపు ఆరక ముక్కిపోతుంది, బూజు పడితే ఆ దూది మళ్లీ ఏకినా ప్రయోజనం ఉండదు. తీరప్రాంతంలో, వాన కురిసే రేకుల ఇళ్లలో కాయిర్ పరుపు నయం. కోనసీమలో అందరూ ఎరిగిన కొబ్బరి పీచును రింగులు తిప్పి, రబ్బరు పాలు చల్లి, అదిమి చేసే పరుపు అది. పీచు మధ్య గాలి ఆడుతుంది. మంచి రబ్బరు తగినంత పట్టించకపోతే మాత్రం ఏడాది రెండేళ్లలో పొడి రాలుతుంది. పరుపును గట్టిగా తట్టి, కింద గోధుమరంగు పొడి పడుతుందేమో కొట్లోనే చూసుకోవాలి.

ఇక ఫోమ్. దానికి మూలమైన పాలీయూరెథేన్ 1937లో జర్మనీలో పుట్టింది. ఇప్పుడు చవక పరుపుల కొట్లు నిండింది దానితోనే. ఫోమ్‌ను చేత్తో నొక్కి చూస్తే తెలిసేది చాలా తక్కువ, ఎందుకంటే కొత్తలో అన్నీ మెత్తగానే లేస్తాయి. ఎంతకాలం నిలుస్తుందో చెప్పేది ‘డెన్సిటీ’, అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న అంకె. పత్తి, మిర్చి తూచిన చేతులకు ఈ లెక్క నిమిషం పని. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పరుపు ఆరు ఘనపుటడుగులు. ఘనపు మీటరంటే సుమారు 35 ఘనపుటడుగులు. 32 డెన్సిటీ అని చెప్పి అమ్మితే ఆ పరుపు ఐదున్నర కిలోలు తూగాలి, 40 అంటే ఏడు కిలోలకు దగ్గర. గుడ్డ బరువు అదనం. కాటా మీద నాలుగు కిలోలే చూపిస్తే చెప్పిన అంకె అబద్ధం. రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపుకు 32కు తగ్గకుండా చూసుకుని, ఆ అంకెను బిల్లు మీద రాయించుకోవడం మంచిది. ఈ తూకంలో ఒక మెలిక ఉంది. తుక్కు ఫోమ్ ముక్కలను జిగురుతో అదిమి చేసే రీబాండెడ్ పలక కాటాలో బాగా బరువు తూగుతుంది, పడుకుంటే బల్లలా ఉంటుంది. అంచు జిప్పు తీస్తే రకరకాల రంగుల ముక్కలు కనిపిస్తాయి. దాన్ని అడుగు పొరగా వాడటంలో తప్పులేదు. ఒట్టి ఆ పలకనే పరుపుగా అమ్మితే వద్దనాలి.

ఆ బల్లలాంటి పరుపుల మీదే ‘ఆర్థో’ అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాట వెనక వైద్యుడి సంతకం ఉందనుకోవద్దు, అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. నడుం నొప్పికి గట్టి పక్కే మందు అన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. మిరపకోతకు రోజంతా వంగిన కూలి మనిషి రాత్రి గచ్చు మీద చాప వేసుకుని పడుకోవడానికి ఆ నమ్మకమూ ఒక కారణం. 2003లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన స్పెయిన్ పరిశోధనలో, ఎన్నాళ్లనుంచో నడుం నొప్పి ఉన్న 313 మందిలో సగం మందికి గట్టి పరుపు, సగం మందికి మధ్యరకం పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. కొట్లో చూసుకునే పద్ధతి కూడా తేలికే. వెల్లకిలా పదినిమిషాలు పడుకుని నడుం కింద చెయ్యి దూర్చాలి. చెయ్యి సులువుగా ఆడితే పరుపు మరీ గట్టి. చెయ్యి అసలు దూరకుండా పిరుదులు కిందికి దిగిపోతే మరీ మెత్తన. పరుపు ఎవరికోసమో ఆ మనిషే పడుకుని చూడాలి. అమ్మాయికి కొనే పరుపు మీద మేనమామ పడుకుంటే తేలేదేమీ లేదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం దగ్గర కాస్త మెత్తదనం ఎక్కువ కావాలి. మంచానపడ్డ రోగికి ఇవేవీ చాలవు, పుండ్లు పడకుండా గాలి పరుపు గురించి డాక్టరును అడగాలి.

పెద్ద కంపెనీల కొట్ల మధ్య తిరిగి పోల్చుకునేవాళ్లకు ఒక సంగతి. స్లీప్‌వెల్ చేసే షీలా ఫోమ్ సంస్థ 2023లో కర్లాన్‌ను కొనేసింది. పేర్లు రెండైనా యాజమాన్యం ఒకటే. వారంటీ కాగితంలో పదేళ్లన్న అంకె కన్నా, ఎన్ని అంగుళాల పల్లం పడితే మారుస్తారన్న వాక్యం వెతికి చదవాలి.

ఈ నేలమీద వీటన్నిటికీ మించిన పరీక్ష ఎండ. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల పల్నాడులోనే ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం 1966లో తయారైన మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని పట్టుకుంటుంది, ఆ వేడిని తనలోనే ఉంచుకుంటుంది. ఏసీ లేని గదిలో మే నెల రాత్రి దానిమీద నిద్ర పట్టడం కష్టం. డబ్బు పొదుపు చేయాలనుకునే ఇల్లు దాన్ని నిక్షేపంగా వదిలేయొచ్చు. ఫోమే కొనాల్సివస్తే మీద రెండంగుళాల పలచటి దూది బొంత పరిస్తే చెమట పీలుస్తుంది, పరుపూ మాయదు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరును మాత్రం మొదటి రోజే చించేయాలి. మురికి కాకూడదని ఏళ్ల తరబడి ఉంచే ఆ కవరు కింద చెమట చేరి పరుపు లోలోపలే పాడవుతుంది.

పరుపులో మిగిల్చిన డబ్బు దిండు మీద పెట్టొచ్చు. బూరుగు దూది పోగు లోపల గుల్ల, పైన మైనపు పూత. నున్నగా జారుతుంది కనుక దారం తీయడానికి లొంగదు, తేలిక కనుక తల కింద హాయిగా ఉంటుంది. వేసవి మొదట్లో ఊరి బూరుగు చెట్టు కాయ పగిలితే ఏరుకొచ్చి, గింజ తీసి గలీబులో నింపుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ దూదికి నిప్పు తొందరగా అంటుకుంటుంది, దోమల చక్రం దగ్గర పెట్టకూడదు.

పరుపును ఎండలో వేసే రోజుకూ ఇక్కడ ఒక లెక్క ఉంది. ఊరి బయట మిరప కల్లాలు పరిచి ఉన్నన్నాళ్లూ గాలి అటునుంచి వీస్తే డాబా మీది పరుపుకు ఘాటు పడుతుంది, రాత్రి ఇంటిల్లిపాదీ తుమ్ములే. కల్లాలు ఎత్తేశాక, మే నెలలో యార్డుకు సెలవులిచ్చే వేళకు, డాబాల మీదికి పరుపులు ఎక్కుతాయి. పొద్దున వేసి, మధ్యాహ్నం తిరగేసి, పొద్దు గూకకముందే దించాలి. ఏకే మిషను ఆటోకు గిరాకీ కూడా అప్పుడే, వారం ముందే చెప్పి ఉంచుకోవాలి.