మరచెంబులో డాయికిరి

డాక్టరుగారు కంప్యూటరు వైపే చూస్తూ ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంట్లో షుగరు ఎవరికైనా ఉందా? అమ్మకి ఉండేది. నడక? వారానికి మూడు రోజులు. "స్మోకింగ్, డ్రింకింగ్ ఎలాగూ ఉండవు కదమ్మా" అంటూ నేను నోరు తెరిచేలోపే ఆ రెండు గడులూ నింపేశారు. తర్వాత నా పక్కన కూర్చున్న మా ఆయన వైపు తిరిగి, "మీరేమైనా తీసుకుంటారా సార్?" అన్నారు. పేషెంటుని నేను. హెచ్‌బీఏ1సీ 7.2 వచ్చింది నాకు. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టని మనిషి. ఆయన తల అడ్డంగా ఊపి, నా వైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"నేను తీసుకుంటాను డాక్టరుగారూ. శుక్రవారాలు. డాయికిరి రెండు గ్లాసులు" అన్నాను.

ఆయన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. కాసేపటికి, "అదేదో తియ్యగా ఉంటుంది కదా, మానెయ్యండి" అన్నారు. ఆ గడిని మాత్రం మార్చలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

డాయికిరి అంటే తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార. అంతే. ఐసుతో గట్టిగా గిలక్కొట్టి వడకట్టుకోవటం. క్యూబాలో శాంటియాగో దగ్గర డాయికిరి అని ఒక ఊరుంది. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని కనిపెట్టాడని చెప్పుకుంటారు. చెరుకూ నిమ్మా రమ్మూ పుష్కలంగా ఉన్న దేశంలో ఈ మూడూ కలపటానికి అమెరికా నుంచి ఒక ఇంజనీరు దిగిరావాలా అని నాకెప్పుడూ అనుమానమే. మన వంటిళ్ళలో పుట్టినవాటికి కూడా హోటలు పేరో, వండించుకు తిన్న జమీందారు పేరో మిగులుతుంది కానీ వండిన మనిషి పేరు మిగలదు కదా.

నాకు దీన్ని నేర్పింది నా స్నేహితురాలు. పదిహేనేళ్ళ కిందట సెమినారు కోసం విదేశం వెళ్ళొచ్చి, "ఒసేయ్, పానకం చెయ్యటం వచ్చు కదా, ఇదీ అంతే" అంది. షేకరు లేదు. అమ్మ రైలు ప్రయాణాల్లో మంచినీళ్ళు పట్టుకెళ్ళిన స్టీలు మరచెంబు దించాను. మర మూత గట్టిగా బిగిస్తే చుక్క కారదు. అప్పట్నుంచీ శుక్రవారం సాయంత్రాలు మావి. తను రాసింది నేనూ, నేను రాసింది తనూ చదువుతాం. మొహమాటం లేకుండా కొట్టేస్తాం. మొదటి గ్లాసు దాకా "బాగానే ఉంది" అనే మాట వినబడుతుంది, రెండో గ్లాసుకి అసలు అభిప్రాయం బయటికొస్తుంది. ఇంట్లో పిల్లలు, పరీక్ష పేపర్లు, అత్తగారి ఆపరేషన్లు, ఏవీ మాట్లాడకూడదని షరతు. డాక్టరు మానెయ్యమన్నది పంచదారనే అయినా, నాకు మాత్రం ఆ సాయంత్రాన్నే మానెయ్యమన్నట్టు వినిపించింది.

అందుకని లెక్క వెయ్యటం మొదలుపెట్టాను. మామూలు కొలతలో 60 మి.లీ. రమ్ము, 20 మి.లీ. నిమ్మరసం, రెండు చిన్న చెంచాల పంచదార. పంచదార ఎనిమిది గ్రాములనుకుంటే 32 కేలరీలు. మన దగ్గర అమ్మే రమ్ములో ఆల్కహాలు 42.8 శాతం. అరవై మి.లీ.లో ఇరవై గ్రాములు. గ్రాముకి ఏడు కేలరీల చొప్పున 140. రమ్ము చెరుకు మడ్డి నుంచే తీస్తారు గానీ బట్టీ పట్టాక అందులో పంచదార మిగలదు. అయినా బరువంతా దానిదే. "చక్కెర లేని కాక్‌టెయిల్" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు పెద్ద దొంగని వదిలేసి చిన్న దొంగని పట్టుకుంటున్నారన్నమాట.

హవానాలోని ఫ్లోరిడిటా బారులో హెమింగ్వే తాగిన డాయికిరి గురించి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఆయన పంచదార తీసేయించి, రమ్ము రెట్టింపు చేయించుకున్నాడు. తగ్గించుకోవటమంటే మగ రచయితకి అదీ అర్థం! తర్వాత అందులో గ్రేప్‌ఫ్రూట్ రసం, చెర్రీ మద్యం చేరి ఆయన పేరుతోనే ఇంకో పానీయం నిలబడిపోయింది. గ్రేప్‌ఫ్రూట్ పంపర పనసకీ నారింజకీ పుట్టిన బిడ్డ. పంపర పనస మా ఊరి పెరట్లోనే ఉండేది. ఇంకేం, హెమింగ్వేని ఇంటికి తీసుకొచ్చేద్దామని ఉత్సాహపడి, ఒక కాయ తెప్పించి తొనలు ఒలిచి రసం తీశాను. పంచదార లేకుండానే అద్భుతంగా కుదిరింది. అదే వారం మందుల షాపులో అటోర్వాస్టాటిన్ కొంటుంటే కౌంటరులో అమ్మాయి, "మేడం, గ్రేప్‌ఫ్రూట్ లాంటివి తినకండి" అంది. ఇంటికొచ్చి చదివితే పంపర పనసా ఆ జాబితాలోదే. ఈ మాత్రని కరిగించే ఎంజైముని పేగుల్లో అడ్డుకుని, రక్తంలో మందు మోతాదు పెంచేస్తుంది. హెమింగ్వేని మళ్ళీ క్యూబాకే సాగనంపాను.

పంచదార పూర్తిగా తీసేస్తే నిమ్మరసం పళ్ళు పులిసేలా కొడుతుంది. పైగా చల్లదనంలో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది, అందుకే ఐసు పానీయాల్లో అంత పంచదార పోస్తారు. స్టీవియా వేసి చూశాను, చివర్లో నాలుక మీద లోహం నాకినట్టుంది. ఆఖరికి దారి చూపించింది మన నిమ్మసోడానే. చిటికెడు ఉప్పు పడితే చేదు అణిగి, ఉన్న కాస్త తీపీ ముందుకొస్తుంది. ఇప్పుడు నేను చేసేది ఇదీ: రమ్ము 30 మి.లీ., నిమ్మరసం 10, బత్తాయి రసం 30, పంచదార అర చెంచా, రెండు వేళ్ళ మధ్య పట్టినంత ఉప్పు. మరచెంబులో ఐసు ముక్కలతో పదిహేను సెకన్లు గిలకొట్టి, పొడుగు గ్లాసులో వడకట్టి, పైన 100 మి.లీ. సోడా. నిమ్మకాయ అప్పటికప్పుడు పిండాలి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంతో చేస్తే దండగ. మొత్తం కలిపి 90 కేలరీల చుట్టూ ఉంటుంది, మామూలుదాంట్లో సగం. దీన్ని డాయికిరి అనటానికి క్యూబావాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానె.

రెండు గ్లాసులు ఒకటయ్యాయి. ముందు గుగ్గిళ్ళు తిని గానీ గ్లాసు పట్టుకోం. కాలేయం ఆల్కహాలుని వదిలించుకునే పనిలో పడితే రక్తంలోకి గ్లూకోజు వదిలే పని వెనకబడుతుంది. ఇన్సులిన్ మీదా, కొన్ని రకాల షుగరు మాత్రల మీదా ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో తాగితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇది నాకు చెప్పవలసింది ఆ డాక్టరు. గడిలో "లేదు" అని నింపేశాక ఇక చెప్పటానికేముంటుంది? ఎంత తగ్గించినా ఆల్కహాలుకి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సరు ముప్పు కొద్దిపాటి తాగుడుతోనూ పెరుగుతుంది. అది తెలిసే తాగుతున్నాను. తెలిసి చెయ్యటానికీ, అసలు లేనట్టు రాసేయటానికీ తేడా ఉందని మాత్రం అంటాను.

రాయటానికి వెనకాడిన సంగతి ఇంకోటుంది. 1992లో నేను ఎం.ఏ. చదువుతున్నాను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిసి, సంఘీభావం చెప్పటానికి బస్సులో వెళ్ళిన గుంపులో నేనూ ఉన్నాను. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకున్న ఆడవాళ్ళు ప్రభుత్వాన్నే నిలదీశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేశారు. ఆ ఊళ్ళో ఒకామె నన్ను, "మీ ఇళ్ళల్లో తాగరామ్మా?" అని అడిగింది. "లేదండీ, మా ఇంట్లో ఎవరూ తాగరు" అన్నాను. ఆ గొంతులో ఉన్న గర్వం ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. సారా ఆమెకి కూలి డబ్బుల సంగతి, దెబ్బల సంగతి. నాకు కులం మర్యాద సంగతి. ఒకే నినాదం ఇస్తూ రెండు వేర్వేరు విషయాలు మాట్లాడామని అప్పుడు తెలియలేదు.

ఆ మర్యాదే కాబోలు, రమ్ము సీసా ఇన్నేళ్ళూ పుస్తకాల బీరువాలో, లావుపాటి నిఘంటువుల వెనక ఉంది. మా ఆయన నుంచి దాచటానికి కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె నుంచి. ఆమె మొగుడు తాగి వచ్చి కొట్టిన రోజున పోలీసు స్టేషనుకి తోడు వెళ్ళినదాన్ని నేనే. శుక్రవారం రాత్రి ఎంత ఆలస్యమైనా మరచెంబూ గ్లాసులూ నేనే కడిగి బోర్లించేదాన్ని.

పోయిన నెలలో ఒక శుక్రవారం ఆమె మర్నాడు ఊరెళ్ళాలని సాయంత్రమే పనికొచ్చింది. మా స్నేహితురాలు అప్పుడే గ్లాసు ఎత్తింది.

"ఏందమ్మా, వారం వారం గిన్ని నిమ్మకాయలు ఏం జేస్తున్నరో అనుకున్న" అంది గుమ్మంలో నిలబడి. వాసన పట్టింది. "మందా?"

అవునన్నాను. సంజాయిషీ ఏదో మొదలుపెట్టబోయాను, షుగరు, కొంచెమే, అని.

"గందుల సిగ్గేముంది? మా అవ్వ కల్లు దాగేది. నేను గూడ బోనాలకు దాగుత."

"మరి మీ ఆయన్ని..."

"ఆయన తాగుడు ఏరే అమ్మా. జీతమంత ఆడనే పోతది. ఇంటికొస్తే నాకు గీ దెబ్బలు." అంటూ సింకు దగ్గరికెళ్ళి మరచెంబు తీసుకుంది. చల్లదనానికి మూత బిగుసుకుపోయింది. నేనూ నా స్నేహితురాలూ చీరకొంగుతో పట్టుకుని తిప్పుతుంటే రాలేదు. ఆమె దాన్ని మా చేతుల్లోంచి లాక్కుని, వేడినీళ్ళ పంపు కింద మూతని కాసేపు పట్టి, ఒక్క తిప్పుతో తీసేసింది. లోపల మిగిలిన ఐసు ముక్కలు చూసి, "గిదేందమ్మా, సగం నీళ్ళే ఉన్నయి" అని నవ్వింది.