మంచుమీది మాటలు

మంచుగడ్డమీద నడిచి యెరుగని వాళ్లం మనం. అయినా మా అన్నగారి అబ్బాయి ఉద్యోగరీత్యా కెనడా వెళ్లినప్పటినుంచి మా యింట మంచు హాకీ కబుర్లకు కొదువ లేదు. ఆట సంగతి అటుంచి, ఆటవారి మాటలే మాకు ముచ్చట గొలిపాయి.

యీ ఆటలో బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం గల గట్టి రబ్బరు బిళ్లతో ఆడతారు. దాని అసలు పేరు పక్. ఆటగాళ్లు ముద్దుగా 'బిస్కట్టు' అంటారు. గోలు పడేందుకు బిళ్ల అందించిన వాడికి వొక 'ఆపిల్' దక్కినట్టు. ఆట జరిగే భవనం యెంత గొప్పదైనా వారికి గడ్డి దాచే 'కొట్టం'. తప్పు చేసిన వాణ్ణి కాసేపు కూర్చోబెట్టే చోటు 'పాపాల పెట్టె'. బిళ్లను ఆపలేని గోలు కాపరి వట్టి 'జల్లెడ'. గోలు పైభాగాన కొడితే 'అమ్మ బిస్కట్లు దాచే చోట' కొట్టాడంటారు. మన లెక్కన ఉట్టి కొట్టాడన్నమాట!

మూడు గోళ్లు కొడితే క్రికెట్టునుంచి తెచ్చుకున్న 'హ్యాట్రిక్కు' ఉండనే ఉన్నది. గార్డీ హోవ్ అనే ప్రసిద్ధ ఆటగాడి పేర మరొకటి ఉన్నది: వొక గోలు, వొక ఆపిల్, వొక కొట్లాట!

యీ మాటలను యే పండితుడూ కూర్చలేదు. వంటింటినుంచీ పొలంనుంచీ వాటంతట అవే మంచుమీదికి నడిచి వచ్చాయి.

అంతకన్న వింత క్విబెక్ రాష్ట్రంలోని ఫ్రెంచివారిది. బిళ్లకు వారి భాషలో 'రాందెల్' అనే చక్కని మాట ఉన్నది. అయినా ఆటలో 'లా పక్' అనేవారు యెందరో. పరాయి మాటకు స్త్రీలింగం కట్టబెట్టి యింటి కోడలిని చేసుకున్నారు!

తమిళనాట తరాలుగా ఉన్న మన యిళ్లలోనూ జరిగిందిదే గదా! మా పిల్లలు 'రొంబ బాగుండాది' అంటారు. పోయిన సంక్రాంతికి బెజవాడ చుట్టాలు ఆ మాటకు పకపక నవ్వారు. ఆనాటినుంచి మా అమ్మాయి వారితో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడుతున్నది. నవ్విన వారు దిద్దినదేమీ లేదు. వొక నోట తెలుగు తగ్గింది, అంతే.

వ్రాతకు కావలసిన తెలుగు పిల్లలకు తప్పక నేర్పుదాం. కాని యింటి యాసను మాత్రం పాపాల పెట్టెలో కూర్చోబెట్టవద్దు. అది బయట తిరుగుతుంటేనే మన ఆట సాగుతుంది.