సగం టికెట్టు

లాలాగూడలో ఉండే ఓ ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర ఆరేళ్ల కిందట ఒక పాత బేస్ గిటార్ కొన్నాను. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డ్యాన్సులకు వాయించేవారట. తోటి వాళ్లు ఒక్కొక్కరే ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. ఆయనా గిటారూ ఇక్కడ మిగిలారు. వేళ్లు వంగడం లేదని చివరికి అమ్మేశారు. నేను బేరం ఆడలేదు. గొప్ప మనసుతో కాదు, ఆయన అడిగిందే తక్కువ.

చూడ్డానికి అది ప్రెసిషన్ బేస్. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చిన ఆకారం అది. తర్వాత లోకమంతా దాన్ని చూసి చేసుకుంది. మా దాని తల మీద పేరు లేదు. ఎవరో ఉప్పుకాగితంతో గీకేసి పైన వార్నిష్ పూశారు. అందుకని అసలా నకలా అనే చర్చ మా ఇంట్లో రాదు. లోపల వాల్యూమ్ కంట్రోలు వీపు మీద మాత్రం 1377433 అని ముద్ర ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు గుర్తు, తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. అంటే 1974లో ముప్పైమూడో వారం, ఆగస్టు నడిమి. ఆ కంట్రోలు మధ్యలో మార్చింది కాకపోతే గిటారు అటు తర్వాతే పుట్టి ఉండాలి. ఈ అంకెలు నేను ఎప్పుడు చదివానో చెబితే నా తెలివి తెలుస్తుంది. దాన్ని ఊడబీకి బిస్కెట్ డబ్బాలో పడేశాక.

ఊడబీకడానికి కారణం మోత. ఆంప్లిఫయర్‌కి తగిలించగానే గుయ్యిమని మొదలయ్యేది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగ, ఇ, సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. దాని మూడో ఫ్రెట్ దగ్గర వేలు పెడితే పలికే జి స్వరం 49. కరెంటు మోతలో 100 కూడా కలిసి ఉంటుంది. సన్న తీగ, పై జి, 98. అంటే మన దేశంలో బేస్ గిటారుకి పట్టే మోత జి స్వరం పక్కనే, దానికి రవ్వంత పైన, శ్రుతి చెడిన తంబూరాలా కూర్చుని ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 గనక వాళ్ల బాధ వేరే స్వరం దగ్గర. నాకు మాత్రం జిలో ఏ పాట ఎత్తుకున్నా ప్రాణం మీదకి వచ్చేది.

పికప్‌ని అనుమానించాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఈ పికప్ మోతను మింగే రకం. 1957 నుంచి ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలుగా వస్తోంది. ఒక్కో ముక్క మీద రెండేసి తీగలు పోతాయి. ఒకదానికి తీగచుట్టు ఒకవైపు, రెండోదానికి ఎదురువైపు. అయస్కాంతాలూ తలకిందులే. బయటి నుంచి వచ్చి పడే మోత రెండు చుట్లలోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గిటారు తీగ కదిలినందుకు పుట్టే సిగ్నల్ నిలుస్తుంది. ఇంతా తెలిసే మీటరు పెట్టి చూశాను. రెండు ముక్కలూ కలిపి పది కిలోఓములు చిల్లర చూపించింది. నిక్షేపంలా ఉంది.

అక్కడ ఆగి ఉండాల్సింది. మీటరు పక్కన పెట్టి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. 250 కిలోఓముల కంట్రోళ్లు రెండు, ఒక కెపాసిటర్, ఒక జాక్, రెండు రంగుల వైరు. ఆదివారం పొద్దున్నే కూర్చుని సాయంత్రానికి లోపల పాత సామానంటూ లేకుండా చేశాను. కంట్రోలు వీపు మందమైన రేకు, వేడిని తాగేస్తుంది. నా ఇరవై అయిదు వాట్ల ఐరన్ ఆనక, టంకం కరిగీ కరగక, పేరుకున్న నెయ్యిలా ముద్దలు కట్టింది. అయినా మూత బిగించాను. మోత ఎక్కడికీ పోలేదు. పైగా టోన్ తగ్గించినప్పుడు వచ్చే ఆ బరువైన, మెత్తటి శబ్దం పోయింది. పాత కెపాసిటర్ 0.05 మైక్రోఫారడ్ బిళ్ల. కొత్తది బాగుంటుందని ఎవరో చెబితే నేను వేసింది 0.022.

రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. మా నాన్న రేడియో మెకానిక్. ఇప్పుడు కళ్లు ఆనవు, చెవులు మాత్రం పనిచేస్తాయి. బేస్ గిటార్ అనేదాన్ని ఆయన ఎప్పుడూ ముట్టుకుని ఎరగరు.

"చెయ్యి తగిలిస్తే మోత తగ్గుతోందా?"

"ఎక్కడ తగిలిస్తే?"

"ఇనుము ఎక్కడుంటే అక్కడరా. అన్నీ ముట్టుకుని చెప్పు."

ముట్టుకున్నాను. తీగల మీద చెయ్యి వేస్తే ఏ తేడా లేదు. జాక్ అంచు ముట్టుకుంటే మోత సగానికి సగం పడిపోయింది.

"అయితే తీగలకి ఎర్త్ అందట్లేదు. అక్కడి దాకా వైరు వస్తోందో లేదో చూడు. కండెన్సర్లు ఎందుకు మార్చావు?"

ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మన ఒళ్లే ఏరియల్ లాంటిది, గదిలోని కరెంటు మోతనంతా పోగుచేసి గిటారుకి ఇస్తుంది. తీగలకి ఎర్త్ ఉంటే వాటి మీద వేలు పెట్టగానే అది దిగిపోతుంది. అందుకే కంట్రోలు వీపు మీద నుంచి ఒక వైరు చెక్కలో రంధ్రం గుండా పోయి బ్రిడ్జ్ రేకు కింద అణిగి ఉంటుంది. బ్రిడ్జ్ విప్పి చూశాను. ఆ వైరు కొస చిలుము పట్టి పచ్చగా, వేలితో నొక్కితే పొడయ్యేలా ఉంది. కత్తిరించి, కొత్త రాగి తేలేలా గీరి, రేకు కింద పరిచి బిగించాను. పది నిమిషాలు. మోత చచ్చింది.

చిన్నప్పుడు నాన్న కొట్లో కూర్చునేవాణ్ణి. రేడియో తెచ్చినవాణ్ణి ఆయన ముందు కూర్చోబెట్టేవారు. ఎప్పటి నుంచి, వానలోనా ఎండలోనా, ముందు గరగరలాడి ఆగిందా ఒక్కసారే ఆగిందా, అంతకుముందు ఎవరైనా విప్పారా. ఐరన్ ప్లగ్గు పెట్టేది ఆ తర్వాతెప్పుడో. అదంతా గిరాకీని మాటల్లో పెట్టడం అనుకునేవాణ్ణి. లియో ఫెండర్ కూడా 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణంతోనే మొదలయ్యాడు. ఆయనకి గిటారు వాయించడం రాదు. బల్ల మీద పెట్టి విప్పి బిగించే మనిషి చేసిన వస్తువు గనకే నాలుగు స్క్రూలు తీస్తే నెక్ చేతికి వచ్చేస్తుంది. ఆ సులువే నా కొంప ముంచింది.

మోత పోయిన ఉత్సాహం మీద ఉన్నాను కదా, మర్నాడు నెక్ పని పట్టాను. తీగలు కాస్త ఎత్తుగా ఉన్నట్టు అనిపించింది. అనిపించింది అంతే, కొలవలేదు. నాలుగు తీగలూ కలిసి నెక్‌ని సుమారు ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. దానికి ఎదురు నిలవడానికి చెక్క లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. ఈ పాత నమూనాలో దాని నట్టు నెక్ మొదట్లో, గిటారు ఒంట్లో నెక్ కూర్చునే గాడిలో దాక్కుని ఉంటుంది. తిప్పాలంటే నెక్ ఊడదీయాల్సిందే. ఊడదీశాను. గాడిలోంచి ఒక అట్టముక్క జారి నేల మీద పడింది. పాతకాలం రైలు టికెట్టు, ఆ మందపాటి చిన్న అట్ట టికెట్టు, సగానికి కోసింది. అంచున పంచ్ చేసిన అరచందమామ ఆకారం, ఏదో ఊరి పేరు తోక. చెత్త అనుకున్నాను. సరదాగా కూడా అనుకున్నాను, ఎవరి జేబులోంచో పడి ఉంటుందని. మూసి ఉన్న గాడిలోకి జేబులోంచి ఎలా పడుతుందని అడిగే బుర్ర ఆ పూట లేదు. పొద్దున చెత్త బండిలో వెళ్లిపోయింది.

నెక్ బిగించి శ్రుతి చేస్తే తీగలు ముందుకన్నా బాగా ఎత్తుకి లేచాయి. బ్రిడ్జ్ మీద తీగల్ని మోసే శాడిళ్లను రేకుకి ఆనేదాకా దించాను. ఇంకా ఎత్తే. మళ్లీ నెక్ ఊడదీసి నట్టు ఇంకాస్త బిగించాను. మళ్లీ, ఇంకోసారి. చివరికి నెక్ వెనక్కి విల్లులా వంగి, మొదటి ఫ్రెట్ల దగ్గర తీగలు రేకు డబ్బాలా మోగడం మొదలైంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మాత్రం ఎత్తు ఎత్తే.

లెక్క కాగితం మీద వేశాక తెలిసింది. ఆ టికెట్టు అట్ట మందం మిల్లీమీటరుకి కాస్త తక్కువ. గాడి పొడవు మూడంగుళాలు. గాడి చివర అంత ఎత్తు పెడితే నెక్ తల వెనక్కి వాలుతుంది. ఆ వాలు బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా అవుతుంది. అంటే ఎవరో ఈ గిటారుతో కుస్తీ పట్టి, శాడిళ్లు ఇక దిగవని చూసి, చేతిలో ఉన్న అట్టని కత్తిరించి సరిగ్గా అక్కడ పెట్టారు. ట్రస్ రాడ్ నెక్ వంపుని సరిచేయడానికి, తీగల ఎత్తు తగ్గించడానికి కాదు. ఆ మనిషికి అది తెలుసు. నేను ఆయన వేసిన మందుని ఊడ్చేసి, రోగం ముదిరిందని ఇంకో మందు మింగించాను.

మనసాగక లాలాగూడ వెళ్లాను. ఇంకో టికెట్టు దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. పెద్దాయన వరండాలో కూర్చుని అంతా విన్నారు.

"టికెట్టా? నేనెప్పుడూ దాన్ని విప్పలేదు, మ్యాన్."

"మరి ఎవరు పెట్టి ఉంటారు అంకుల్?"

"నాకు వచ్చేటప్పటికే అలాగే ఉంది. బాగా పలికేది, వాయించాను. ఎందుకు విప్పుతాను?"

మోటౌన్ స్టూడియోలో వాయించిన జేమ్స్ జేమర్సన్ గురించి అడిగితే ఆయన ముఖం వెలిగింది. జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడని చెబుతారు. పెద్దాయన దాన్ని మతంలా నమ్మారు. నేను కొన్నప్పుడు ఆ గిటారు మీద ఉన్న తీగలు ఎన్నేళ్లవో ఆయనకే గుర్తు లేదు. టీ ఇచ్చారు. టికెట్టు పోయిందంటే నవ్వారు గానీ, దాని మీద ఏ ఊరి పేరుందని రెండుసార్లు అడిగారు. చివరి రెండక్షరాలే గుర్తున్నాయని చెప్పాను. ఆయన కాసేపు స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే పైకి అనుకున్నారు. చాలా ఊళ్లు ఆ అక్షరాలతోనే ముగుస్తాయి.

ఇంటికొచ్చి ఒక వారం గిటారు జోలికి పోలేదు. తర్వాత ట్రస్ రాడ్ నట్టు ఎన్ని తిప్పులు బిగించానో లెక్కపెట్టుకుని అన్నీ వెనక్కి తిప్పాను. నా విజిటింగ్ కార్డులు మూడు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, గాడి చివర పెట్టాను. నాలుగో కార్డు కొలతకి పనికొచ్చింది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య కార్డు దూర్చాను. సరిగ్గా ఒరుసుకుంటూ దూరింది. అంటే నెక్ మొదటి నుంచీ బాగానే ఉంది. నేను అసలు విప్పాల్సిన పనే లేదు.

బిస్కెట్ డబ్బా తీసి పాత కంట్రోళ్లకి మీటరు పెట్టాను. ఒకటి 238, ఒకటి 261 కిలోఓములు. యాభై ఏళ్ల వస్తువుకి అంతకన్నా ఏం కావాలి. అరువు తెచ్చిన అరవై వాట్ల ఐరన్‌తో వాటినీ ఆ 0.05 బిళ్లనీ వాటి చోట్లలోనే పెట్టి టంకం వేశాను. కొన్నిచోట్ల పాత టంకం మరక నా చేతికి దారి చూపించింది. బిగించే ముందు పై కార్డు మీద పెన్సిల్‌తో తేదీ, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, మూడు కార్డులు ఎందుకు అనే సంగతి రెండు ముక్కల్లో రాశాను. టికెట్టు పెట్టినాయన రాయలేదు. నేను చూసి ఉంటే ఆయన రాయనక్కర్లేదు కూడా.

ఇప్పుడు టోన్ మళ్లీ బరువుగా పలుకుతోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌కీ నొక్కిన స్వరానికీ ఎ తీగ మీద వెంట్రుకవాసి తేడా వస్తోంది, శాడిల్ స్క్రూ తుప్పు పట్టి తిరగదు. దానికి నూనె చుక్క వేసి ఉంచాను, తొందర లేదు. వాల్యూమ్ నాబ్ ఆరుకీ ఏడుకీ మధ్య తిప్పినప్పుడు చిన్నగా గీకుతుంది. ఇది నాన్నకి ఫోన్లో వినిపించాను. నాబ్ ఇంకోసారి తిప్పమన్నారు. తిప్పాను. వానాకాలం పోయాక కూడా గీకుతుందేమో చూసి అప్పుడు చెప్పమన్నారు.