బోరు వేయకూడని స్థలం

అక్క కొనాలనుకున్న ఇంటి కాగితాలు పీడీఎఫ్‌గా వచ్చాయి. మూడు వందల పేజీల పైమాటే. "వీటిని ఎవరూ చదవరు మామయ్యగారూ, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వాళ్ళే పసుపు రంగు పూసి పంపుతారు" అన్నాడు బావ. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, అన్నీ ప్రింటు తీయించమన్నాడు.

నాన్న మండల సర్వేయరుగా రిటైరయ్యాడు. నర్సీపట్నం, నాతవరం, గొలుగొండ, మాకవరపాలెం... ఈ మండలాల్లో తను గొలుసు లాగని చేను లేదంటాడు. (అమ్మ ఒప్పుకోదు. "నీడున్న చేలన్నీ లాగేరు" అంటుంది.) ఎవరు ఏ స్థలం గురించి చెప్పినా ఆయన అడిగేవి మూడే: ఇంతకు ముందు ఎవరిది, హద్దు రాళ్ళు ఉన్నాయా, నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయి. మా పెళ్ళిచూపుల్లో కూడా అబ్బాయి ఉద్యోగం కంటే ముందు వాళ్ళ ఇంటి బోరు లోతు కనుక్కున్న మనిషి.

ఇది 2025 మే నెల సంగతి. అమ్మా నాన్నలతో పాటు నేనూ మూడు వారాలు సెలవు పెట్టి ఇర్వైన్ వెళ్ళాను. లాస్ ఏంజెలెస్‌కి దక్షిణంగా, కారులో గంట. అక్కావాళ్ళు ఎనిమిదేళ్ళుగా ఆ ఊళ్ళోనే అద్దెకుంటున్నారు. కొనాలనుకున్న ఇల్లు గ్రేట్ పార్క్ దగ్గరి కొత్త కాలనీలో. అక్కడ అన్నీ కొత్తవే. రోడ్లు, బళ్ళు, ఒకే ఎత్తులో నాటిన చెట్లు. సాయంత్రం పార్కుకి వెళ్తే తాడు కట్టిన పెద్ద నారింజ రంగు బెలూను ఒకటి జనాన్ని నాలుగు వందల అడుగులు పైకి తీసుకెళ్ళి దింపుతుంటుంది. దాని కింద నిలబడితే ఎటునుంచో ఒకటునుంచి తెలుగు వినపడుతుంది. పిల్లల్ని కసురుకునే తెలుగే ఎక్కువ.

"ఇంత చదును నేల ఊరికే ఉండదు" అన్నాడు నాన్న, వెళ్ళిన మొదటి రోజే. "ఎవరో దేనికో చేసుంటారు."

చేసింది అమెరికా సైన్యం. ఎల్ టోరో అనే మెరైన్ల విమాన స్థావరం అది. స్పానిష్‌లో ఎల్ టోరో అంటే ఎద్దు. అంతకు ముందు ఇర్వైన్ కుటుంబం వాళ్ళ రాంచ్, మైళ్ళ కొద్దీ లైమా చిక్కుడు చేలు. 1942లో ఆ చేలని చదును చేసి రన్‌వేలు వేయడం మొదలెట్టారు, 1943 మార్చిలో స్థావరం మొదలైంది. దాదాపు 4,700 ఎకరాలు. కొరియా, వియత్నాం యుద్ధాలకి ఇక్కణ్ణించే స్క్వాడ్రన్లు వెళ్ళాయి. నిక్సన్ తన సముద్రం ఒడ్డు ఇంటికి వెళ్ళడానికి ఇక్కడే విమానం దిగేవాడు. 'ఇండిపెండెన్స్ డే' సినిమాలో గ్రహాంతరవాసులు ధ్వంసం చేసేది ఈ స్థావరాన్నే. ఇంటరయ్యాక అక్కా నేనూ ఆ సినిమాని మా ఊరి కేబుల్ టీవీలో తెలుగు డబ్బింగ్‌లో చూశాం. పాతికేళ్ళకి అక్కడే ఇల్లు కొంటానని దానికేం తెలుసు.

ఇల్లు చూపించిన ఏజెంటు వియత్నాం ఆవిడ. 1975లో సైగాన్ పడిపోయాక శరణార్థుల విమానాలు ఎల్ టోరోలోనే దిగాయి, అందులో ఒకదాంట్లో వాళ్ళమ్మ ఉంది. ఆవిడ ఆ మాట వంటింటి గ్రానైటు చూపిస్తూ, మధ్యలో చెప్పేసి, స్టవ్వు గురించి చెప్పడం మొదలెట్టింది. నేను స్టవ్వు గురించి ఒక్క ముక్క వినలేదు.

ప్రచ్ఛన్నయుద్ధం అయిపోయాక అమెరికా వాళ్ళకి ఇన్ని స్థావరాలు అక్కర్లేకపోయాయి. 1993లో మూసేసే జాబితాలోకి ఇదీ చేరింది. 1999 జూలైలో మూసేశారు. అసలు గొడవ ఈ మధ్యకాలంలోనే. ఆ నాలుగు రన్‌వేలని పౌర విమానాశ్రయం చేద్దామని జిల్లా అధికారులు, వ్యాపారులు. 1994లో ఓటింగు పెడితే కొద్ది తేడాతో సరే అన్నారు జనం. కానీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి ప్రచారాలు, కోర్టులు, మళ్ళీ ఓటింగులు. చివరికి 2002 మార్చిలో విమానాశ్రయం వద్దు, పార్కు కావాలి అని తేల్చేశారు. 2005లో నౌకాదళం భూమిని వేలం వేస్తే దాదాపు 65 కోట్ల డాలర్లకి ఒక పెద్ద గృహనిర్మాణ సంస్థ కొంది. కొంత పార్కుకి వదిలి, మిగతాది కాలనీలు. తర్వాత మార్కెట్ కూలింది, పనులు ఆగాయి, మొదటి ఇళ్ళ అమ్మకాలు 2013కి గానీ మొదలవలేదు. రన్‌వేల కాంక్రీటుని పగలగొట్టి, పిండి చేసి మళ్ళీ వాడుకున్నారు.

నాన్నకి ఇందులో ఒక్కటే మింగుడు పడలేదు. "విమానాశ్రయం వద్దని ఓటేసేరా? జనాలే?"

"చప్పుడు కదా మామయ్యగారూ. ఇళ్ళ ధరలు పడిపోతాయని."

"ధరలు పడిపోవడమేటి?"

ఆయన ఆశ్చర్యానికి కారణం ఉంది. అక్క డౌన్ పేమెంటుకి కొంత తక్కువైంది. అందుకోసం అమ్మడానికి అనుకున్నది నాతవరం వైపు ఉన్న మా జీడితోట. రెండెకరాల ముప్పై సెంట్లు, అమ్మకి పసుపు కుంకుమల కింద వచ్చింది. పదేళ్ళుగా దాన్ని అడిగినవాడు లేడు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాలు కట్టాలనుకుంటున్న చోట్లు చెప్పింది. కుప్పం, దగదర్తి, ఒంగోలు, నాగార్జునసాగర్, తాడేపల్లిగూడెం, శ్రీకాకుళం. వాటితో పాటు తుని-అన్నవరం. అప్పట్నించి ఒక బ్రోకరు నాన్నని వదలడం లేదు. రన్‌వే ఎక్కడో తెలీదు, భూమి ఎవరిదో తెలీదు, అసలు వస్తుందో లేదో తెలీదు. భోగాపురం చూడండి సార్, అంటాడు. అదొక్కటే పాయింటు. తునికి మా తోటకి మధ్య ఎంత దూరం ఉందో నాన్నకి మీటర్లలో తెలుసు. అయినా ఆ ధర విన్నప్పుడు ఆయన గొంతు మారింది. నేను విన్నాను.

అంటే లెక్క ఇలా తేలింది: ఒక చోట విమానాశ్రయం వస్తుందన్న పుకారుకి పెరిగిన ధరకి భూమి అమ్మి, ఇంకో చోట విమానాశ్రయం రాకుండా చేసుకున్నందుకు పెరిగిన ధరకి ఇల్లు కొనడం. ఈ మాట నేను భోజనాల దగ్గర అన్నాను. ఎవరూ నవ్వలేదు. అక్క అయితే, "నీకు అన్నీ వ్యాసాల్లా కనపడతాయే" అంది.

నాన్న కాగితాలు చదవడం నాలుగు రోజులు పట్టింది. బాల్కనీలో కూర్చుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ. ప్రత్యేక పన్ను దగ్గర ఒక పూట ఆగాడు. మెల్లో-రూస్ అంటారు దాన్ని, ఆ చట్టం తెచ్చిన ఇద్దరి పేర్ల మీద. కాలనీలో రోడ్లకీ బడికీ పార్కుకీ చేసిన అప్పుని ఇళ్ళు కొన్నవాళ్ళు ఏళ్ళకి ఏళ్ళు కడుతూ ఉండాలి. "పార్కు ఉచితం అన్నావు కదరా" అన్నాడు బావతో. బావ ఫోన్ వచ్చినట్టు లోపలికి వెళ్ళాడు.

మూడో రోజు రాత్రి నన్ను పిలిచి ఒక పేరా చూపించాడు. "దీని తెలుగు చెప్పు. నాకు అర్థమైందే కరెక్టో కాదో."

భూగర్భ జలాల గురించి. స్థావరంలో విమానాల భాగాలకి పట్టిన గ్రీజు కడగడానికి ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు వాడేవారు. వాడినవి నేలలోకి ఇంకాయి. 1985లో స్థావరం బయట, ఒక సాగునీటి బావిలో పరీక్ష చేస్తే బయటపడింది. నేల కింద ఆ మరక పడమటి వైపు స్థావరం దాటి మూడు మైళ్ళు పాకింది. 1990లో దేశంలో అతి ముందుగా శుభ్రం చేయాల్సిన స్థలాల జాబితా, సూపర్‌ఫండ్ అంటారు, దాంట్లోకి ఎక్కింది. ఇళ్ళకి వచ్చే తాగునీటికి దీనితో సంబంధం లేదు, అది వేరే. మరక ఉన్న నీటిని పైకి తోడి, శుద్ధి చేసి, తాగడానికి కాకుండా చెట్లకీ గడ్డికీ వాడుతున్నారు. ఇవన్నీ దాచిన విషయాలేం కావు. కాగితాల్లో అచ్చయి ఉన్నవే. కొనేవాడు నేలలోకి బావి తవ్వకూడదు, కింది నీళ్ళు తోడకూడదు అని కూడా ఉంది.

"బోరు వేయకూడదంటున్నాడు" అన్నాడు నాన్న.

"ఇక్కడ ఎవరూ వేయరు నాన్నా. కుళాయిలో వస్తాయి."

"వేయకపోవడం వేరు. వేయకూడకపోవడం వేరు." కాసేపాగి, "ఇది వాళ్ళ ఇరవై రెండు ఏ" అన్నాడు. మా వైపు ఇళ్ళలో ఆ అంకె చాలు. నిషేధిత భూముల జాబితా, రిజిస్ట్రేషన్ కాదు. నిజానికి పోలిక కుదరదు, ఇక్కడ అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. కానీ ఆయనకి తెలిసిన భయాల్లో దగ్గరిది అదే.

పొద్దున్నే మేమిద్దరం నడకకి వెళ్ళాం. రోడ్డు పక్క గడ్డిలో ఊదా రంగు మూతలున్న కుళాయిలు, తాగొద్దని బొమ్మ. ఊళ్ళో మురుగుని శుద్ధి చేసిన నీళ్ళకి కూడా అదే రంగు, కాబట్టి ఫలానా కుళాయిలో ఏ నీళ్ళో మాకు తెలీదు. గులాబీలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. నాన్న వంగి మట్టి తీసి నలిపి చూశాడు. ఆయన ఏ ఊరెళ్ళినా చేసే పనే. వాసన చూడబోయి మానేశాడు.

మా నాయనమ్మ చెప్పేది: 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాక జనం బళ్ళు కట్టుకుని లోపలి ఊళ్ళకి వచ్చేశారట. వాళ్ళింటి వసారాలో రెండు కుటుంబాలు నెల్లాళ్ళు ఉన్నాయట. అదే యుద్ధం భయానికే తాడేపల్లిగూడెంలోనూ దొనకొండలోనూ రన్‌వేలు వేశారు, ఇక్కడ చిక్కుడు చేలూ చదును చేశారు. తాడేపల్లిగూడెం రన్‌వే చుట్టూ ఇప్పుడు ఊరు అల్లుకుపోయింది. ఆ కింద ఏం పారబోశారో, అసలు ఏమన్నా పారబోశారో, అక్కడ ఇల్లు కొనేవాడికి చెప్పే మూడు వందల పేజీలు ఎప్పుడూ రావు. నాన్నతో ఈ మాటంటే, "ఈసీ తీస్తే అమ్మకాలు తెలుస్తాయి. నేల తెలీదు" అన్నాడు. నలభై ఏళ్ళు నేల కొలిచిన మనిషి.

ఇంతసేపూ అమ్మ గురించి చెప్పలేదు. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ తోట గురించి అమ్మని ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు. నా కారణం పరిశుభ్రమైనది కాదు. తోటలో సగం నాది అవుతుందని నాకు లోపల లెక్కుంది. హైదరాబాద్‌లో నా ఫ్లాట్ ఈఎంఐ నాకుంది. అక్కకి అంతా ఇచ్చేస్తే నా సంగతేంటని అడగలేక, సూపర్‌ఫండ్ గురించి అర్ధరాత్రి దాకా చదివి, పొద్దున్న అందరికీ వివరించాను. విషం గురించి మాట్లాడితే డబ్బు గురించి మాట్లాడక్కర్లేదు. అక్కకి ఇది తెలిసిపోయింది. వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "నీ వాటా కావాలంటే అడుగు. నా ఇంటి కింద విషముందని చెప్పకు" అంది, మెల్లగా. నేను తలెత్తలేదు.

అదే పూట బ్రోకరు ఫోన్ చేశాడు. ఈసారి అమ్మ అందుకుంది. "ఏ వైపునుంచి ఎగురుతాదండీ విమానం?" అని అడిగింది. అవతల ఏం చెప్పాడో. "తెలీకుండా ఎలా కొంటున్నారు మరి?" అంది. తర్వాత ఫోన్ నాన్నకివ్వకుండా పెట్టేసి, అందరి ముందూ చెప్పింది: తోట అమ్మను. ఇద్దరికీ నా నగలు చెరిసగం, కావాలంటే ఇప్పుడే తీసుకోండి. తోట జోలికి రావద్దు.

అక్క మేమొచ్చేసిన తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు. ఆ ఇల్లు వదులుకున్నారు. ఆగస్టులో అదే కాలనీలో చిన్నది, రెండు గదులది, చూశారు. అప్పుడు చేసింది, నాన్నకి. "నాన్నా, నూట ఎనభయ్యో పేజీ. ఇది పాతదాంట్లో ఉన్నట్టే ఉందా, మార్చారా?" నాన్న లోపలికెళ్ళి సూట్‌కేసులోంచి పెన్సిలు గీతల కట్ట తెచ్చుకున్నాడు. మూడు వందల పేజీలూ విమానంలో మోసుకొచ్చాడని అప్పటిదాకా నాకు తెలీదు. స్పీకర్ పెట్టి ఇద్దరూ గంటన్నర చదివారు. అక్క చివర్న సంతకం పెట్టింది.

దసరాకి ఊరెళ్ళినప్పుడు అమ్మతో తోటకి వెళ్ళాను. తోట పక్కన కొత్తగా ఎవరో వెంచర్ వేశారు. ఎర్రమట్టి రోడ్లు, తెల్ల రాళ్ళు, ఫ్లెక్సీ మీద ఎగిరే విమానం. అమ్మ దానివైపు చూడకుండా షెడ్డులోకి వెళ్ళి మోటారు వేసింది. ముందు గాలి, తర్వాత ఎర్ర నీళ్ళు. "ఉండు, తేరనీ" అంది. తేరాక దోసిలి పట్టింది.