కంటికి అందని మేఘం

పిల్లలూ, ఈ నెల మనం ఊహలో అమెరికా పోదాం. న్యూమెక్సికో రాష్ట్రంలో లాస్ క్రూసెస్ అనే పట్టణం ఉన్నది. దానికి ఈశాన్యంగా ఎడారిలో సాన్ ఆండ్రెస్ కొండలున్నాయి. కొండలకు తూర్పున తెల్లని జిప్సం ఇసుక తిన్నెలు. పడమటి వాలున నాసావారి వైట్ శాండ్స్ పరీక్షా కేంద్రం.

ఇక్కడ వింత తుపాకులున్నాయి. మామూలు తుపాకిలో మందు పేలి గుండును తోస్తుంది. వీటిలో మందు పేలి, బిరడావంటి ముషలకాన్ని తోస్తుంది. అది గొట్టంలోని హైడ్రోజన్ వాయువును అదుముతుంది. అదిమిన వాయువు ఒక్కసారిగా విడివడి, చిన్న అల్యూమినియం గుండును సెకనుకు 7 కిలోమీటర్ల వేగంతో విసురుతుంది. గాలి తీసివేసిన గదిలో ఆ గుండు ఒక పలుచని రేకును తాకుతుంది.

ఎందుకీ శ్రమ? భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి ఎప్పుడూ మనుషులుంటున్నారు. పాత రాకెట్ల తునకలు సెకనుకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో దానికి తగలవచ్చు. దళసరి గోడ కడదామంటే అంత బరువు పైకి మోయలేము. 1947లో ఫ్రెడ్ విపిల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చెప్పాడు: గోడకు కాస్త ఎడంగా పలుచని రేకు నిలపండి!

రేకు గుండును ఆపగలదా? ఆపలేదు. మరి ఏం చేస్తుంది? అది కంటితో చూడలేము. సెకనులో లక్షోవంతు కాలంలో గుండు బెత్తెడు దూరం పోతుంది! అందుకే సెకనుకు పది లక్షలకు పైగా బొమ్మలు తీసే కెమెరాలు కావాలి. తాకినచోట పుట్టే మెరుపు అడ్డురాకుండా ఎక్స్‌రేలతో కూడా తీస్తారు.

మొదటి బొమ్మలో గుండు కనిపిస్తుంది. తరువాతి దానిలో గుండు లేదు! రేకుకు అవతల చిన్న బుడగ ఉన్నది. ఆపై బొమ్మల్లో బుడగ ఉబ్బుతుంది. అది గుండూ రేకూ కలిసి పిండి అయిన మేఘం. రాయి విసిరితే కుండ పగులుతుంది. ఆ రాయినే పొడిచేసి చల్లితే పగలదు. ఆ మేఘం గోడమీద విశాలంగా పరుచుకుంటుంది, గోడ నిలుస్తుంది.

మరొక చిత్రం వినండి. గుండు సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతోనే వస్తే పిండి కాదు. రేకును దూసుకుపోయి, ఇంచుమించు ముద్దగానే గోడకు తగులుతుంది. అంటే ఒక్కొక్కప్పుడు నెమ్మదిగా వచ్చేదే ఎక్కువ ప్రమాదం! కవచం కట్టేవారు రెండు వేగాలనూ పరీక్షించక తప్పదు.

సంధ్యవేళల్లో అంతరిక్ష కేంద్రం కదిలే చుక్కలాగా మన ఊళ్ళకూ కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు, లోపలి మనుషులను కాచే ఆ పలుచని రేకును తలుచుకోండి.