బాన్సువాడ మడిగట్టున

మేము బాన్సువాడ చేరేసరికి నాట్ల కాలం. 1931లో కట్టడం పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీటితో మడులు నిండుగా ఉన్నాయి.

పొద్దంతా వంగి నాటు వేసిన ఒక అక్క నడుము పట్టుకొని గట్టున కూర్చుంది. "పండుకుంటే కూలి పోతది, లేస్తే పానం పోతది" అన్నది.

ఫిజియోథెరపీ చేసేవారి మాటే ఆమెకు చెప్పాము: మామూలు నడుము నొప్పికి మంచం మందు కాదు. రోజుల తరబడి పడుకుంటే కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. ఓర్చుకోగలిగినంత నడవాలి. పనిలో మధ్య మధ్య లేచి, నడుముపై చేతులుంచి మెల్లగా వెనక్కు వంగాలి. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మరునాడు ఆ అక్క మునుం మధ్యలో లేచి నిటారుగా నిలబడింది. మమ్మల్ని చూసి నవ్వింది.