సాగే పొర, తెల్లని పొడి

గూడూరు ప్రాంతపు గనులలో దొరికే అభ్రకాన్ని మనలో చాలామంది చూచియే ఉంటారు. ఉర్దూలో దానిని అబ్రక్ అంటారు. మాట దాదాపు ఒకటే. రేకులు రేకులుగా విడిపోయే ఈ ఖనిజాన్ని లోహపు పలకల నడుమ ఉంచి వెనుకటి రేడియోలకు కెపాసిటర్లు చేసేవారు. విద్యుత్తును తన గుండా పోనీయక, విద్యుత్ క్షేత్రానికి లోబడి శక్తిని నిలువ ఉంచే ఇట్టి వస్తువును రోధకం అంటారు. పలకల నడుమ శూన్యమున్నప్పటికంటె ఎన్ని రెట్లు ఆవేశం నిలుచునో తెలిపే సంఖ్య రోధక స్థిరాంకం. అభ్రకానికి అది సుమారు 6. ఐతే అభ్రకం సాగదు. పరిశోధక విద్యార్థిగా నాకు లభించిన పని, సాగే రోధకాన్ని తయారుచేయటం.

సాగే గుణానికి సిలికోన్ రబ్బరు చాలును. పలుచని రబ్బరు పొరకు ఇరువైపులా మెత్తని విద్యుద్వాహక పూత పూసి వోల్టేజి ఇచ్చినచో, ఆ రెండు పూతలు ఒకదానినొకటి ఆకర్షించి పొరను నొక్కుతాయి. పొర పలుచనై ప్రక్కలకు విస్తరిస్తుంది. కృత్రిమ కండరమని దీనిని పిలుచుటకు కారణమదే. లోపమొక్కటే: సిలికోన్ స్థిరాంకం 3 మాత్రమే. బేరియం టైటనేట్ అనే తెల్లని పొడికి అది వేయికి మించి ఉంటుంది. ఆ పొడిని ఈ రబ్బరులో కలిపితే సరి, అనుకున్నాను.

ఘనపరిమాణంలో ఐదో వంతు పొడి, దాని స్థిరాంకం 1500. కాగితంపై నా లెక్కకు 300 వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మరునాడు మా ఆచార్యులు ఆ కాగితం చూచి, "బాబూ, రేణువులన్నీ ఈ పలక నుండి ఆ పలక వరకు స్తంభాలై నిలబడితేనే నీ లెక్క నిజం" అన్నారు. రేణువులు విడివిడి దీవులైనప్పుడు విద్యుత్ క్షేత్రమంతా చుట్టూ ఉన్న రబ్బరు మీదనే పడుతుంది. రేణువులోపల క్షేత్రం బహు స్వల్పం. ఇరుకు సందు దాటనిదే అవతలి పెద్ద బజారు ఎంత వెడల్పైనను ప్రయోజనం లేదు కదా! సరియైన సూత్రం ప్రకారం లెక్కిస్తే 5.3 తేలింది. పొడి స్థిరాంకం 1500 గాక 15,000 ఐనను ఇంచుమించు అంతే.

ఇక పొడి రబ్బరుకు ఆరు రెట్లు బరువు. ఘనపరిమాణంలో ఐదో వంతు కలపటమంటే తూకంలో ఐదింట మూడు వంతులు కలపటం. పొర గట్టిపడకముందే అది అడుగుకు దిగేది. లేదా తడి చాలని పిండివలె ఉండలు కట్టేది.

ఆషాఢమాసంలో ఒకనాడు కొలత తీయగా 100 హెర్ట్జ్‌ల వద్ద స్థిరాంకం 14 వచ్చింది. సిద్ధాంతాన్ని జయించానని తలచాను. ఒక సదస్సుకు పంపవలసిన సంగ్రహాన్ని ఆ సాయంకాలమే వ్రాశాను. దీపాలు ఆర్పటానికి వచ్చిన మా ప్రయోగశాల చాచా నమూనాలు దాచే గాజుపాత్రకేసి చూపించి, "బేటా, దానా గులాబీ అయింది. లోపల నమీ ఉంది" అన్నారు. నీలిరంగులో ఉండవలసిన సిలికా జెల్ నిజంగానే గులాబీ రంగుకు మారి ఉంది. నాకు కోపం వచ్చింది, చాచా మీద కాదు. 100 కిలోహెర్ట్జ్‌ల వద్ద అదే పొర 6 కు దిగటం, వేడిగా వృథా అయ్యే విద్యుత్తు తక్కువ పౌనఃపున్యంలో విపరీతంగా ఉండటం నా పుస్తకంలో నేనే వ్రాసుకున్నాను; చూడదలచుకోలేదు, అంతే. రేణువుల ఉపరితలాన్ని పట్టుకొని ఉన్న నీటి వలన ఆవేశాలు అంచుల వద్ద ప్రోగుపడి కొలతను పెంచాయి. నీటి స్థిరాంకమే 80! పొరను రెండు రోజులు శూన్యంలో ఆరబెట్టి కొలిస్తే 5.8.

అంతకంటె చేదు నిజం తరువాత తెలిసింది. 200 మైక్రాన్ల ఉత్త సిలికోన్ పొర 4000 వోల్టుల వరకు తట్టుకుంటే, పొడి కలిపిన పొరకు 2000 వద్దనే చిల్లు పడింది. ఉండల చుట్టూ చిక్కిన గాలి బుడగలే అందుకు ద్వారాలు. పొరను నొక్కే పీడనం స్థిరాంకానికి అనుపాతంలోను, క్షేత్రపు వర్గానికి అనుపాతంలోను ఉంటుంది. స్థిరాంకం దాదాపు రెట్టింపై, తట్టుకొనే క్షేత్రం సగమైతే, పొందగల పీడనం ఉత్త రబ్బరులో సగానికి తగ్గుతుంది! ఆరు మాసాల శ్రమతో ఉన్నదానిని పాడుచేశానన్నమాట. పైగా రబ్బరు బిరుసెక్కింది.

అప్పటినుండి స్థిరాంకాన్ని విడిచి, రేణువుకు రబ్బరుకు మధ్యగల సరిహద్దును పట్టుకున్నాను. పొడిని రాత్రంతా వేడిచేసి ఆరబెట్టి, రబ్బరుతో పొత్తు కలిపే సిలేన్ పూతను రేణువులకు పట్టించి, బాల్‌మిల్లులో ఉండలు విడగొట్టి, గాలిని శూన్యంలో లాగివేశాను. స్థిరాంకం 5.3 కు దిగింది. లెక్క చెప్పినదీ అదే. తట్టుకొనే వోల్టేజి మాత్రం 3300 కు పెరిగింది. మొత్తంమీద పీడనంలో ఉత్త రబ్బరుకంటె ఐదో వంతు లాభం.

సంగ్రహంలో 14 కొట్టివేసి 5.3 అని వ్రాశాను. సదస్సువారు దానిని వేదికపై ప్రసంగానికి గాక గోడపత్రంగా మాత్రమే స్వీకరించారు. పత్రం మూలను ఆ పొర ముక్క ఒకటి అంటించాను. వచ్చినవారెవరూ అంకెలు చదువలేదు. అందరూ మొదట దానిని లాగి చూచినవారే.